హబీబు మూత

హబీబుద్దీన్ మూత బిగిస్తే లోపలి వాసన కూడా బయటికి రాదని కోరుట్లలో అందరూ ఒప్పుకుంటారు. హజ్‌కు పోయిన పెద్దలు ఆయన చేసిన డబ్బాలో జమ్‌జమ్ నీళ్లు నింపుకొని, ఓడలో, రైల్లో, చివరికి బస్సు టాపు మీద దొర్లించుకుంటూ తెచ్చినా చుక్క తగ్గలేదన్నది నిజమే. డబ్బాలో చిక్కుకున్న ఈగ ఒకటి మూడేళ్ల తర్వాత మూత తీస్తే లోపలికి పోయిన వయసుతోనే ఎగిరిపోయిందన్నది మాత్రం టీకొట్టు దగ్గర పుట్టిన ముచ్చట. ఈగ సాక్ష్యానికి నిలబడలేదు కాబట్టి హబీబుద్దీన్ దానిని ఔననలేదు, కాదనలేదు. గడ్డం నిమురుకుని ఊరుకునేవాడు.

సకల జనుల సమ్మె మొదలై పది రోజులు దాటిన ఒక సోమవారం, ఆయన రేకుల దుకాణం ముందు సిరిసిల్ల రాజమల్లు సైకిల్ దిగాడు. బస్సులు లేవు. సిరిసిల్లలో కరెంటూ సరిగా లేదు. కరెంటు లేక మరసాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతే, సాంచెలు బాగుచేసే మేస్త్రికి తీరికే తీరిక. యాభై ఏళ్ల మనిషి అంత దూరం తొక్కుకుంటూ వచ్చి, చెమట కూడా తుడుచుకోకుండా చొక్కా లోపలి నుంచి చుట్ట చుట్టిన అట్ట తీశాడు.

"హబీబు భాయ్, రెండు పెట్రోలు డబ్బాలు గావాలె."

"ఏ బండికి? ట్రాక్టరుకా, ఆటోకా?"

"ఇమానానికి."

హబీబుద్దీన్ కత్తెర ఆపలేదు. "నడిచేదా, పెండ్లి పందిరి మీద పెట్టేదా?"

"ఎగిరేది. మొన్న రెండు మార్లు నేల ఇడిసింది. మోకాలెత్తు."

"మోకాలెత్తు మా రషీదాబీ కోడి గూడ ఎగురుతది."

రాజమల్లు నవ్వలేదు. ప్యాంటు అంచు పైకి లాగి పిక్క చూపించాడు. అరచేయంత మేర చర్మం ఎర్రగా ముడతపడి ఉంది. ఇప్పుడున్న డబ్బా ఇంజను వెనక, తన రెండు కాళ్ల నడుమ ఉందట. మారుతి బండిలోంచి తీసిన ఇంజను ఒకసారి వెనక్కి తన్ని మంట లేపింది. డబ్బా అంటుకోలేదు గానీ ప్యాంటు అంటుకుంది.

"గా డబ్బ కాళ్ల నడుమ ఉన్నన్ని దినాలు నేను సూది ముట్టనన్నది నర్సవ్వ. రెక్కల బట్ట కుట్టేది ఆమెనే. గందుకే డబ్బాల్ని రెక్కల్ల పెడదామని. నెత్తి మీద ఉంటయి. మంటకు దూరం, పెట్రోలు దానంతటదే కిందికి దిగుతది. జర సూడు."

హబీబుద్దీన్ అట్ట చూశాడు. పెన్సిలు గీతలు. రెక్కలో ముందు దూలం, వెనక దూలం, వాటి నడుమ ఒక పెట్టె. ఒక్కో పెట్టెకు పదిహేను లీటర్లు. కత్తెర కింద పెట్టాడు.

లోపలి నుంచి రషీదాబీ గొంతు వినబడింది. "క్యా జీ, పొయ్యి గొట్టం మంచిగ చెయ్యుండ్రి అంటె నెల సంది టైం లేదు. ఇమానానికి టైం దొరికిందా?"

"పొయ్యి ఎగరదు గదనే," అన్నాడు హబీబుద్దీన్, అప్పటికే మాటు వేసే కర్రును గుడ్డలో చుడుతూ.

మరునాడు పొద్దున ఆయనను సిరిసిల్లకు తీసుకెళ్లింది భూమేశ్. ఇబ్రహీంపట్నం పిలగాడని అందరూ అంటారు గానీ వాడికి ముప్పై ఆరేళ్లు. మస్కట్ పోయి వచ్చి, జగిత్యాలలో ఒక పెట్రోలు బంకులో పైపు పడుతున్నాడు. విమానానికి కావలసిన ముప్పై లీటర్లు తెచ్చే బాధ్యత వాడిది. మోపెడ్ మీద వెనక హబీబుద్దీన్, ఆయన ఒళ్లో రేకుల చుట్ట, మెడకు తగరం సంచి. ఊరికొక చోట రోడ్డుకు అడ్డంగా మొద్దులు, రాళ్లు. ప్రతి చోటా నలుగురు లేచి ఆపేవారు.

"ఎటు వోతున్నరు? బందని తెల్వదా?"

"ఇమానం మేస్త్రిని తోల్కపోతున్న అన్నా," అనేవాడు భూమేశ్ మొహం కదపకుండా.

నవ్వి నవ్వి దారి ఇచ్చేవారు. మూడో ఊరి దగ్గర ఒక ముసలమ్మ హబీబుద్దీన్‌ను ఎగాదిగా చూసి, "గీ తాతనా? గీయన ఎక్కుతె ఇమానమే బుగులుతోని వణుకుతది," అంది. ఆయన టోపీ సర్దుకుని ఆమెకు సలాం చేశాడు.

విమానం మూతపడిన ఒక పాత షెడ్డులో ఉంది. తలుపు తీయగానే హబీబుద్దీన్ గడపలోనే నిలబడిపోయాడు. ఎన్నో రకాల బండ్ల పొట్టలు చూసిన మనిషి. ఇలాంటిది చూడలేదు. సన్నటి కర్ర పక్కటెముకలు, ఒక్కొక్కటి నునుపుగా గీకి, జిగురుతో అతికి, అతుకు మీద మళ్లీ దారం చుట్టి. చక్రాలు మోపెడ్‌వి. లాగే తీగలు సాంచెల సామానులోవి. రెక్కల మీద బట్ట సిరిసిల్ల పాలిస్టరు. దాన్ని వదులుగా కుట్టి, పైనుంచి ఇస్త్రీపెట్టె నడిపితే వేడికి ముడుచుకుని డోలు చర్మంలా బిగుసుకుంది. హబీబుద్దీన్ గోటితో తట్టాడు. 'డుమ్' అంది. ఇంకోసారి తట్టాడు.

"ఇస్త్రీ ఎవరు చేసిన్రు?"

"నేనే భాయ్," అంది రాజమల్లు భార్య నర్సవ్వ. "జర ఎక్కువ కాలితె బొక్క, తక్కువైతె ముడత. నాలుగు నెలలు పట్టింది."

అలా బిగించిన బట్టనే ఆమె ఇప్పుడు బ్లేడుతో కోయాలి. డబ్బాలు దిగడానికి మనిషి కూర్చునే చోటికి దగ్గరి రెండు గళ్లు, రెక్కకొకటి, తెరవాలి. బ్లేడు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, చివరికి కళ్లు మూసుకుని ఒక్క గీత గీసింది. బట్ట 'టప్'మని రెండు వైపులా విడిపోయింది. తర్వాత చెంగుతో ముక్కు తుడుచుకుని, "ఇగ పెట్టు నీ డబ్బ. మల్ల కొయ్యనీకి నాతోని కాదు," అంది.

హబీబుద్దీన్ టేపు వాడడు. చీపురు పుల్లలు తెచ్చుకున్నాడు. దూలానికీ దూలానికీ నడుమ ఒక పుల్ల నిలిపి, గోటితో తుంచి, చెవి వెనక పెట్టుకున్నాడు. వెడల్పుకు ఒకటి, లోతుకు ఒకటి. రాజమల్లు అనుమానంగా చూస్తుంటే, "టేపు గీతలు నా కండ్లకు అందవు భాయ్. పుల్లయితె వేలికి తెలుస్తది," అన్నాడు.

కుడి రెక్క పుల్లలు కుడి చెవికి, ఎడమ రెక్కవి ఎడమ చెవికి. రెండు వైపులా కొమ్ములు మొలిచినట్టు ఆ పూటంతా అలాగే తిరిగాడు.

రెండు రోజులు షెడ్డు మూలన బొగ్గుల కుంపటి ఆరలేదు. పలుచటి తగరపు రేకు కత్తిరించి, అంచు మీద అంచు మడిచి, సుత్తితో అణిచి, నవసాగరం రాసి, కర్రుతో మాటు లాగాడు. సీసం వెండి చీమలా అతుకు వెంట పరుగెత్తుతుంటే రాజమల్లు పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. ఆకాశంలో పెట్రోలు ఒక్కసారిగా ఒక పక్కకు ఒరిగితే విమానమూ ఒరుగుతుందని, లోపల రెండేసి అడ్డురేకులు పెట్టారు. వాటి అడుగున చిల్లులు. రేకు కర్రకు రాసుకోకుండా గొంగడి ముక్కలు పరిచారు.

పరీక్ష హబీబుద్దీన్ పద్ధతిలోనే జరిగింది. డబ్బా పైన అంతటా సుద్ద పూసి ఆరబెట్టి, లోపల గ్యాసునూనె, అదే కిరోసిన్, పోసి స్టూలు మీద ఒక రాత్రంతా ఉంచాడు. నీళ్లు ఆగే చోట గ్యాసునూనె ఆగదు. సన్నటి దారి ఉన్నా వెతుక్కుంటుంది, సుద్ద మీద నల్లగా మచ్చ వేస్తుంది. ఎడమ డబ్బా మూలన నువ్వుగింజంత మచ్చ కనబడింది. ఆయన దాన్ని దొంగను పట్టినట్టు వేలితో నొక్కి పట్టి, "దొరికినవ్ బేటా," అన్నాడు. మాటు విప్పి మళ్లీ వేశాడు. తర్వాత మూతలు తెరిచి ఉంచి లీటరు లీటరుగా నీళ్లు పోసి, పుల్ల ముంచి గీతలు పెట్టుకున్నారు. కిందికి ఎంత ధారగా వస్తుందో కూడా అప్పుడే చూశారు. మంచి ధారే వచ్చింది.

ఇక మూతలు. ఇత్తడివి, లారీ ట్యూబు రబ్బరు వేసినవి. ఆయన పేరు నిలిపిన మూతలు. ఆ మూతల నడిమిన రాజమల్లు సూదంత బెజ్జం కొట్టాడు.

హబీబుద్దీన్‌కు గుండెలో గుచ్చినట్టయింది. "నా మూతకు తొర్రనా?"

"గాలి పోవాలె భాయ్ లోపటికి."

"ఊఁ," అన్నాడు హబీబుద్దీన్.

గురువారం డబ్బాలు రెక్కల్లో కూర్చున్నాయి; మూతలు మాత్రం బయటికి ఉండేలా నర్సవ్వ బట్ట మళ్లీ కుట్టి బిగించింది. పొంగేటట్టు నీళ్లు నింపి మూతలు పెట్టి రెక్కను ఊపి చూస్తే, ఆ బెజ్జంలోంచి ఒక చుక్క ఎగిరి నర్సవ్వ ఇస్త్రీ చేసిన బట్ట మీద పడి జారింది. రాజమల్లు అటుపక్క ఉన్నాడు, చూడలేదు. హబీబుద్దీన్ చూశాడు. ఇవాళ నీళ్లు, రేపు పెట్రోలు. పైన ఒరిగినప్పుడు ఇదే చుక్క కాలే గొట్టం మీద పడితే? ఆయనకు రాజమల్లు పిక్క గుర్తొచ్చింది. నీళ్లు ఒంపి ఆరబెట్టి అందరూ అన్నానికి పోయినప్పుడు రెండు మూతలూ విప్పి, లోపలి వైపు నుంచి బెజ్జం మీద చిటికెడు సీసం చుక్క వేశాడు. పైనుంచి చూస్తే బెజ్జం ఉన్నట్టే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. మంచి పనికి చెప్పుకునేదేముంది అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున భూమేశ్ పెట్రోలు తెచ్చాడు. మోపెడ్‌కు అటొకటి ఇటొకటి డబ్బాలు. మొద్దులు పడేసిన చోట్లలో పద్నాలుగు సార్లు దిగి, డబ్బాలు విప్పి, బండిని ఎత్తి దాటించి, మళ్లీ కట్టుకున్నాడట. అరచేతుల్లో తాడు కోసుకుపోయిన గీతలు. "చుక్క దొరుకుతలేదన్నా జగిత్యాలల. నా మోపెడ్ ట్యాంకుల సగం గూడ తీసి గీ డబ్బలల్లనే పోసిన," అన్నాడు.

విమానాన్ని షెడ్డు బయటికి తోశారు. చక్రాలకు రాళ్లు పెట్టి, తోకను ఇనుప గుంజకు కట్టారు. సాంచెలు ఆగిపోయిన వాడకట్టంతా వచ్చి నిలబడింది. రాజమల్లు ఫంకా తిప్పాడు. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది, ఆయన ఎక్కి సీట్లో కూర్చున్నాడు. దుమ్ము లేచింది, ఆడవాళ్ల చెంగులు ఎగిరాయి, రెక్కలు బతికిన వాటిలా వణికాయి. ఎవరో ఈల వేశారు. హబీబుద్దీన్ రెండు చేతులూ వెనక కట్టుకుని, నోరు తెరిచి, తన డబ్బాలున్న చోటునే చూస్తూ నిలబడ్డాడు.

తొమ్మిది నిమిషాలు. తర్వాత ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది.

మళ్లీ తిప్పారు. రెండు దగ్గులు, మళ్లీ ఆగింది. గుంపులోంచి ఒకడు ఇంజను కింద చేయి పెట్టి వాసన చూసి, "గ్యాసునూనె కలిసినట్టున్నది," అన్నాడు. ఒకడు అన్నాక పదిమందికీ అదే వాసన వచ్చింది. "బంకు పెట్రోలు గదా మరి," అన్నారెవరో.

రాజమల్లు కిందికి దిగాడు. ఎవరినీ ఒక మాట అనని మనిషి. ఇవాళ నేరుగా భూమేశ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "భూమేశా, నిజం జెప్పు. ఎంత కలిపిన్రు?"

"చుక్క కలపలేదన్నా. నా చేతితోని పట్టిన."

"బంకుల పనిచేసేటోని చేతికి గీ తొమ్మిది నిమిషాలే ఎక్కువ. పైన గూసునేటోన్ని నేను రా! గిదే పైకి పోయినంక ఆగితే? నర్సవ్వకు ఏం జెప్తుంటివి?"

భూమేశ్ వెనక్కి తిరిగాడు. వంగి ఖాళీ డబ్బాలు ఏరుకున్నాడు. తాడు కట్టబోతే కోసుకుపోయిన అరచేయి మండి ముడి పడలేదు. నలుగురూ చూస్తున్నారు, ఒక్కరూ పట్టుకోలేదు. ముడి వేయకుండానే డబ్బాలు ముందర పెట్టుకుని మోపెడ్ నెట్టుకుంటూ వెళ్లిపోయాడు. స్టార్టు చేయలేదు. అందులో మిగిలిన సగం పెట్రోలు వచ్చేటప్పటికే అయిపోయింది.

"గీ కల్తీదంతా ఒంపి పారెయ్యి భాయ్," అన్నాడు రాజమల్లు.

హబీబుద్దీన్ నిచ్చెన ఎక్కాడు. కింద నర్సవ్వ పట్టుకుంది. కుడి డబ్బా మూత తిప్పబోతే కదల్లేదు. తన మూత తనకే లొంగడం లేదు. గుడ్డ వేసి బలం పెట్టి తిప్పాడు.

'హుస్స్…' అంది డబ్బా. బావిలో మునిగినవాడు పైకి తేలి పీల్చుకున్నట్టు పీల్చుకుంది. గాలి అందక లోపలికి గుంజుకుపోయిన రేకు 'ఠప్'మని బయటికి పొంగింది.

ఆయన మూత తిరగేసి లోపలి సీసం చుక్క మీద వేలు పెట్టాడు.

"ఏమైంది భాయ్?" అంది నర్సవ్వ.

"ఏం లేదు."

దిగి నిచ్చెన అటు మార్చి ఎడమది తిప్పాడు. అదీ పీల్చుకుంది. పెట్రోలు ఒంపలేదు. రెండు మూతలూ జేబులో వేసుకుని, నమాజు వేళయిందని చెప్పి వెళ్లాడు.

మసీదు కుళాయి దగ్గర వజూకు, నమాజుకు ముందు కాళ్లుచేతులు కడుక్కోవడానికి, కూర్చుంటే జేబులో మూతలు తొడకు ఒత్తుకున్నాయి. తీసి చూశాడు. లోపలి వైపు సీసం చుక్క, ముద్దుగా, గుండ్రంగా. మేకు మొన పెట్టి ఒక్కటి కొడితే ఊడిపోతుంది. షెడ్డుకు వెళ్లి ఏమీ ఎరగనట్టు బిగిస్తే ఇంజను ఆడుతుంది. కొత్త పెట్రోలు పోస్తే ఆడిందంటారు. కోరుట్లలో ఈగ కథ అలాగే ఉంటుంది. భూమేశ్ మాత్రం జగిత్యాలలో ఉన్నన్ని రోజులూ కల్తీ భూమేశే. ఇవన్నీ తర్వాత. ముందు తొమ్మిది నిమిషాలు. సూదంత బెజ్జంలో తను వేసిన చుక్క, రెండు తాటిచెట్ల ఎత్తున ఒక మనిషి, తొమ్మిది నిమిషాలు.

కాళ్లు రెండుసార్లు కడుక్కున్నాడు. ఒకసారి కడిగిన సంగతి మరిచిపోయి.

తిరిగొచ్చేసరికి రాజమల్లు ఇంజను ముందు కూర్చుని ఉన్నాడు. హబీబుద్దీన్ మూతలు ఆయన ముందు బోర్లా పెట్టాడు.

"పెట్రోలు మంచిదే. తొర్ర నేను మూసిన. గాలి లేక పెట్రోలు దిగలే. నీకు జెప్పలే."

రాజమల్లు మూత తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఎందుకు భాయ్?"

"చుక్క ఎగిరింది. నీ కాలు యాదికొచ్చింది." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "నా మూతకు తొర్ర ఉండుడు నాకు మనసున పట్టలేదు. అదొకటి గూడ ఉన్నది."

నర్సవ్వ లోపలి నుంచి వచ్చి ఇద్దరినీ చూసింది. "మరి గా పిలగాన్ని అన్న మాటో?"

"నేను పోత," అన్నాడు హబీబుద్దీన్.

"అన్నది నేను," అన్నాడు రాజమల్లు లేస్తూ.

ఇద్దరూ నడిచారు. ఊరి బయట పెద్ద రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. రోడ్డు నడిమిన మూడు పొయ్యిలు, గుండిగల్లో పప్పు, వరసగా విస్తర్లు. సమ్మెలో ఉన్న బడి పంతులు చంద్రమౌళి సారు గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. ఎవరినీ దాటనీయడం లేదు కాబట్టి భూమేశ్‌ను కూడా దాటనీయలేదు. వాడు విస్తరి ముందు కూర్చుని అన్నం ముట్టకుండా చూస్తున్నాడు.

హబీబుద్దీన్ వాడి ముందు రోడ్డు మీదనే చతికిలబడ్డాడు. రెండొందల మంది ఉన్నారక్కడ. గొంతు తగ్గించలేదు.

"భూమేశా, పెట్రోలుల ఏం లేదు. తప్పు నాది. గిదిగో, నేను మూసిన తొర్ర."

గరిటె చప్పుళ్లు ఆగాయి. ఈగ కథ తెలిసినవాళ్లు అక్కడా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. "హబీబు మూతనా?" అన్నారెవరో మెల్లగా.

రాజమల్లు నిలబడే ఉన్నాడు. "నా నోరు జారింది తమ్మీ," అన్నాడు.

భూమేశ్ మూత తీసుకుని, బెజ్జం మీద కన్ను పెట్టి ఆకాశం చూడబోయాడు. కనబడలేదు. "చాచా, గిది నువ్వు జెప్పకుంటె ఎవనికీ తెలువకపోవు గదా."

"నీకు తెలుసు గదా."

"నాకెట్ల తెలుసు?"

"నువ్వు కలపలేదని."

వాడు పక్కకు జరిగి, రోడ్డుకు అడ్డం పెట్టిన బండరాయి మీద మూత బోర్లించాడు. "మేకు ఉన్నదా?"

హబీబుద్దీన్ జేబులోంచి మేకూ, చిన్న సుత్తీ తీసి ఇచ్చాడు. ఒక్క దెబ్బ. సీసం చుక్క ఎగిరి పప్పు గుండిగ పక్కన పడింది. భూమేశ్ రెండో మూత రాయి మీద పెట్టి, సుత్తి రాజమల్లుకు అందించాడు. "గిది నువ్వు కొట్టన్నా. పైన గూసునేటోనివి నువ్వే గదా."

రాజమల్లు కొట్టాడు. ఎవరో నవ్వారు. చంద్రమౌళి సారు ఇంకో రెండు విస్తర్లు వేశాడు.

అన్నం తింటూ రాజమల్లు అట్ట మీద కొత్త గీత గీశాడు. బెజ్జానికి పైన చిటికెనవేలంత గొట్టం, దాని మూతి ముందుకు వంచి. గాలి లోపలికి పోతుంది, పెట్రోలు ఎగిరి పడదు. "నీ బుగులు తప్పు గాదు భాయ్. నాకు జెప్తె నిన్ననే గిది పెడుతుంటిమి," అన్నాడు. పొద్దుగూకక ముందే హబీబుద్దీన్ రెండు మూతలకూ రాగి గొట్టాలు మాటు వేశాడు. ఇంజను నలభై నిమిషాలు ఆగకుండా ఆడింది.

శనివారం పొద్దున సిరిసిల్ల బయటి రోడ్డు మీద ఒక వింత జరిగింది. పెట్టినప్పటి నుంచి ఎవరికోసమూ కదలని రాళ్లను చంద్రమౌళి సారు దగ్గరుండి తీయించాడు. "ఇరవై ఏండ్ల సంది బల్ల మీద గీసి ఇమానం పాఠం జెప్పిన. ఒక్కనాడు చూపిస్త," అన్నాడు. కాపలాకు వచ్చిన కానిస్టేబుల్ పర్మిషన్ కాయితం ఏదని అడిగాడు. "ఇచ్చేటోళ్లు సమ్మెల ఉన్నరు," అంది నర్సవ్వ. ఆయన కాసేపు ఆలోచించి, లాఠీ చంకలో పెట్టుకుని, మొద్దు రెండో కొస పట్టాడు.

రెక్కల అడుగున నర్సవ్వ రాత్రి పొద్దుపోయేదాకా రాసిన 'జై తెలంగాణ' ఇంకా పూర్తిగా ఆరలేదు. రాజమల్లు మొక్కి ఎక్కాడు. బందు రోడ్డు మీద ఆ విమానం తప్ప ఇంకో బండి లేదు. పరుగెత్తింది, తోక లేచింది, ఇక రోడ్డు అయిపోతుందేమో అన్నప్పుడు చక్రాల కింద వెలుతురు కనబడింది. మోకాలెత్తు, మనిషెత్తు, తాడెత్తు. రెండొందల గొంతులు ఒక్కసారి లేచాయి. ఆ తర్వాత చెప్పుకున్న కథల్లో అది మేఘాల్లోకి పోయింది, వీర్నపల్లిలో ఒకావిడ వడియాలు ఎండబెడుతూ రాజమల్లుతో మాట్లాడింది కూడా. నిజానికి రెండు తాళ్లెత్తు. అది చాలదా?

అందరూ పైకి చూస్తున్నారు. హబీబుద్దీన్ తల వంచుకుని చెవి ఒక్కటే అటు పెట్టాడు. పక్కన భూమేశ్ చేతి గడియారం చూస్తున్నాడు.

"ఏడు అయినయి చాచా."

విమానం గుట్ట వైపు తిరిగింది.

"ఎనిమిది."

గుట్ట వెనక్కి పోయింది. చప్పుడు పలుచబడింది. వినబడలేదు. నర్సవ్వ కొంగు నోట్లో పెట్టుకుంది. హబీబుద్దీన్ పెదవులు కదులుతున్నాయి.

"తొమ్మిది," అన్నాడు భూమేశ్.

తర్వాత గుట్ట అవతల ఎక్కడో, కందిరీగ మూలిగినట్టు మొదలై, సాంచె ఆడినట్టై, ఇంజను ఎదురొచ్చింది. భూమేశ్ కోసుకుపోయిన అరచేత్తోనే ముసలాయన భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"పది! చాచా, పది!"

పదిహేడో నిమిషంలో దిగింది. జనం రాజమల్లును చక్రాలు నేల మీద నిలవకముందే లాగేశారు. డప్పులు మోగాయి. ఆ గోలలో హబీబుద్దీన్ నిచ్చెన ఎక్కడుందో వెతుక్కుని, తెచ్చి, రెక్కకు ఆనించాడు. భూమేశ్ కింద పట్టుకున్నాడు.

ముసలాయన ఎక్కి మూత తిప్పాడు. తేలిగ్గా తిరిగింది. తీసి, డబ్బా నోటికి చెవి ఆనించాడు.

"ఏమంటున్నది చాచా?"

హబీబుద్దీన్ ఇంకొంచెం సేపు విన్నాడు.

"ఏమంటలేదు బేటా," అన్నాడు.